అద్దె ఇంట్లో సొంత నేల

బెంగళూరులో నాకు సొంత ఇల్లు లేని రోజుల్లో సొంత నేల ఒకటి ఉండేది. నేల అంటే జాగా అనుకునేరు. జాగా కాదు, సైటు కాదు. ఇంట్లో కాలు పెట్టే నేల, చెక్కది. దాన్ని నేను కొన్నాను, పరిపించాను, తుడిచాను, కాపలా కాశాను, చివరికి విప్పి లారీలో వేసుకుని వెళ్ళిపోయాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లూ గీజర్లూ కర్టెన్ కడ్డీలూ విప్పుకుపోయేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. నేల విప్పుకుపోయినవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూశామని ఆ వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట.

అప్పుడు మేమున్నది బసవనగుడి వెనకాల ఒక పాత ఇంటి మేడ మీద. కింద ఇంటి ఓనరమ్మ ఒక్కరే ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ పెద్దలు ఎప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చి నగర్తపేటలో ఇత్తడి సామాన్ల అంగడి పెట్టారట. భర్త పోయాక అంగడి మూసేశారు, ఇల్లు మిగిలింది. మాది అనంతపురం అని చెప్పగానే ఆమె ఇంకేమీ అడగకుండా తాళంచెవులు చేతిలో పెట్టారు. నా భార్య దగ్గర్లోని స్కూల్లో లెక్కల టీచరు. నేను రోజూ బెళ్ళందూరు దాకా పోయి, ఒక పెద్ద ఆఫీసులో, ఎవరికీ వివరించి చెప్పలేని పని చేసి వచ్చేవాణ్ణి. ఇంట్లో మేమిద్దరమే.

ఇంటికి ఏ లోటూ లేదు. గాలి వస్తుంది, నీళ్ళు వస్తాయి, ఓనరమ్మ పెరట్లోంచి కరివేపాకు వస్తుంది. నేల మొజాయిక్. తెల్లవి, నల్లవి, ఆకుపచ్చవి చిన్న చిన్న రాతిముక్కలు. ఎవరో పప్పూ బియ్యం కలిపి పారబోసి ఏరడం మరిచిపోయినట్టు ఉండేది. నాలుగేళ్ళపాటు ఆ నేల మీదే తిరిగాను, కూర్చుని తిన్నాను, ఎండాకాలం పడుకున్నాను కూడా. దాన్ని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

మా మేనేజరు బెళ్ళందూరులో ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలవకపోయి ఉంటే జీవితాంతం ఆలోచించేవాణ్ణి కాదేమో. పన్నెండో అంతస్తు. వచ్చినవాళ్ళంతా బాల్కనీలోకి పోయి చెరువు కనిపిస్తుందా లేదా అని వెతుకుతుంటే నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కాలికి చల్లగా తగలాల్సింది వెచ్చగా తగిలింది. కిందికి చూస్తే చెక్క. గోడ నుంచి గోడ దాకా లేత తేనె రంగు. భోజనాలకు అందరూ కూర్చున్నాక నేను కనిపించడం లేదని వెతికితే లోపలి గదిలో గొంతుకూర్చుని నేలను అరచేత్తో నిమురుతూ దొరికానట. మేనేజరు సంతోషించి, అది ఇంజినీర్డ్ వుడ్ అనీ, పైన అసలు చెక్క పొర, కింద అడ్డంగా నిలువుగా అతికించిన పలకలు ఉంటాయనీ, అందుకే పూర్తి చెక్కలాగా వంకర్లు పోదనీ వివరించాడు. నేనూ ఇంజినీరునే. ఆ పేరు పెట్టుకున్న వస్తువు ప్రపంచంలో ఏదో ఒకటి వంకర్లు పోకుండా ఉందని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి నా భార్యతో చెప్పాను. ఆమె జవాబు పత్రాలు దిద్దుతోంది. తల ఎత్తకుండానే, "అద్దె గుర్రానికి వెండి లాడాలు కొట్టిస్తారా?" అంది.

నేను దానికి సిద్ధపడే వచ్చాను. ఈ చెక్కలకు మేకులుండవు, జిగురుండదు. ఒక పలక అంచు ఇంకో పలక గాడిలోకి టక్కుమని దిగుతుంది, అంతే. ఇల్లు మారితే విప్పుకుని వెంట తీసుకుపోవచ్చు. అంటే ఇది ఖర్చు కాదు, ఆస్తి. ఇదంతా చెప్పాక ఆమె ఎర్ర పెన్ను పక్కన పెట్టి, తర్వాతి ఇంటి హాలు కూడా సరిగ్గా ఇదే పొడవూ ఇదే వెడల్పూ ఉంటుందా అని అడిగింది. లెక్కల టీచర్లను పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఇలాంటి ప్రశ్నలు అలవాటే. చూద్దాంలే అన్నాను.

ఓనరమ్మ దగ్గరికి పోవడానికి ఇంకాస్త ఎక్కువ తయారయ్యాను. నేల కింద మొజాయిక్‌కు గీత కూడా పడదని ఫోన్లో వీడియోలు చూపించాలనుకున్నాను. ఆమె వీడియో దాకా రానివ్వలేదు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"నీ దుడ్డు, నీ పిచ్చి. చేసుకోపో అప్పా," అన్నారు. "మేకు కొట్టగూడదు. గమ్ము పూయగూడదు. తలుపులకు మాత్రం రంపం తగలగూడదు. అవి మా మామ టేకు తెప్పించి చేయించినవి. ఈ ఇంట్లో నాకన్నా పెద్దవి."

మొదటి రెండూ నాకు లెక్కలోకే రాలేదు. మూడోదాని బరువు మేడ మెట్లెక్కుతుంటే తెలిసింది. నేల ఎత్తు పెరిగితే తలుపు అడుగు తగులుతుంది. అందరూ తలుపు అడుగున కాస్త కోసేసి పని కానిస్తారు. నేను తలుపును కాకుండా నేలను సన్నం చెయ్యాలి.

ఆ ఆదివారం తలుపుల కింద సందు కొలిచాను. కొలవడమంటే బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒంటికన్నుతో చూస్తూ ఒక్కొక్క వస్తువే దూర్చడం. స్టీలు స్కేలు దూరింది. అట్లకాడ దూరింది. నా చెప్పు దూరలేదు. నా భార్య టెక్స్టు పుస్తకం సగం దూరి ఇరుక్కుంది. దాన్ని లాగుతుండగా ఓనరమ్మ కరివేపాకు పట్టుకుని వచ్చారు. పడకగది తలుపు కింద కన్ను పెట్టి పడుకున్న నన్ను చూసి, లోపల నా భార్య ఉందేమోనని ఒక క్షణం సందేహించినట్టున్నారు. ఆమె వంటింట్లోంచి రావడం చూశాక గొంతు తగ్గించి, "మొగుడికి ఏమైనా పోయిందా?" అని అడిగారు. నా భార్య, పోయింది గానీ తలుపు కింద దొరికేది కాదని చెప్పింది.

తేలిందేమంటే, హాల్లో తలుపులకు సందు పరవాలేదు. పడకగది తలుపుకు మాత్రం నా చిటికెనవేలి మందం కూడా లేదు. ఇల్లంతటికీ నేను కొనబోయే నేల ఎంత మందం ఉండాలో ఆ ఒక్క తలుపే నిర్ణయించింది.

రింగురోడ్డు పొడుగునా ఉన్న షోరూముల్లో వారాంతాలన్నీ గడిపాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడకు నిలబెట్టిన చెక్క పలకలు. రంగులకు ఏవేవో పేర్లు. ఒక బూడిదరంగు చెక్కకు పొగబెట్టిన ఓక్ అని పేరుంది. అది నేల పేరో హోటల్లో వంటకం పేరో తెలియనట్టు ఉండేది. అమ్మేవాళ్ళు ముందుగా మందపాటివి చూపించేవాళ్ళు. పైన చెక్కపొర అంత దళసరిగా ఉంటే పదేళ్ళకోసారి చివ్వి మళ్ళీ మెరుగు పెట్టవచ్చట. మనవల దాకా వస్తుందట. నేను వాటిని చేత్తో నిమిరి, రంగు బాగుందని మెచ్చి, చివర్లో గొంతు తగ్గించి, ఇందులోనే సన్నంది లేదా అని అడిగేవాణ్ణి. అంతటితో వాళ్ళ ముఖంలో నవ్వు ఆరిపోయేది. సన్నవి వెనక గదిలో ఉండేవి. వాటి మీద చెక్కపొర గోరంత పలచన. అది కొత్తగా పెట్టే బట్టల దుకాణాలకు, నాలుగురోజుల ఎగ్జిబిషన్లకు వేస్తారని ఒకతను చెప్పాడు.

"సొంత ఇల్లే కదా సార్?" అని అందరూ అడిగేవాళ్ళు.

"ఆ, సొంతమే," అనేవాణ్ణి అందరితోనూ.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఒకసారి అన్నాక అది పెరుగుతూ పోయింది. ఒక షోరూములో మా తాతల నాటి ఇల్లన్నాను. మరోదాంట్లో ఆ టేకు తలుపులు మా తాత చేయించినవన్నాను. తాతల నాటి ఇల్లున్నవాడు ఎగ్జిబిషన్ నేల ఎందుకు అడుగుతున్నాడో ఎవరికీ అర్థమై ఉండదు. నా భార్య పక్కన నిలబడి వినేది. బయటికొచ్చాక, మీ తాత అనంతపురంలో ఉండగా బెంగళూరులో తలుపులు ఎలా చేయించాడు అని మాత్రం అడిగేది.

చివరికి దొరికింది నగర్తపేటలో. నేను పోయింది వేరే పనికి, ఇంట్లో కుళాయి పిడి విరిగితే అలాంటిదే దొరుకుతుందేమోనని. ఎదురెదురుగా ఇద్దరు మనుషులు వస్తే ఒకరు పక్కకు తిరగాల్సినంత సందులో ప్లైవుడ్ అంగడి ఒకటి కనిపించింది. లోపల పైదాకా పేర్చిన పలకల మధ్య పెద్దాయన ఒకరు కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. అడిగితే, ఒక ఆఫీసువాళ్ళు తెప్పించుకుని వద్దన్న సన్నటి ఇంజినీర్డ్ వుడ్ ఉందని లోపలికి తీసుకుపోయి చూపించారు. లేత తేనె రంగు. మా మేనేజరు నేలకు తమ్ముడిలాగా ఉంది. జేబులోంచి నా కొలత తీశాను. అడుగున పరిచే పలచటి నురగ షీటు కూడా కలుపుకుని, పడకగది తలుపు కింద అది దూరుతుంది. వెంట్రుకవాసి మిగులుతుంది.

ఆయన కూడా సొంత ఇల్లా అని అడిగారు. నేను మామూలు జవాబే చెప్పాను. సరుకు ఎక్కడికి పంపాలో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"అది ఇత్తడంగడి ఆయన ఇల్లు కదప్పా. పక్క సందులోనే ఉండ్య ఆయన అంగడి. ఎప్పుడు కొంటివి నువ్వు? ఆయమ్మ అమ్మేసి యాడికి పోయె?"

నేను కుళాయి పిడి సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఓనరమ్మ అక్కడే ఉన్నారనీ, క్షేమంగా ఉన్నారనీ, నేను అద్దెకున్నవాణ్ణనీ ఒప్పుకున్నాను. ఆయన మళ్ళీ మజ్జిగ గ్లాసు ఎత్తుకున్నారు. సరుకు బండితోపాటు ఓనరమ్మకు ఒక డబ్బా మైసూర్‌పాకు పంపారు. దాంతోపాటు నా సంగతి కూడా అందే ఉంటుంది. కానీ ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేల పరవడానికి ఇద్దరు వచ్చారు. ఒక్కరోజు పని. చెక్క తేమకు కాస్త సాగుతుందనీ, అందుకే నాలుగు గోడల దగ్గరా సందు వదిలి, దానిమీద సన్నటి చెక్కపట్టీ వెయ్యాలనీ నేను చదివే ఉన్నాను. అన్నీ చదివినవాణ్ణి. కానీ పరుస్తుంటే ఆ సందు చూడటానికి బాగాలేదు. పొట్టి పంచె కట్టుకున్నట్టు ఉంది. బెంగళూరు ఏమైనా సముద్రం పక్కన ఉందా, ఇక్కడ తేమ ఎక్కడిది అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, పడకగదిలో గోడకు ఆనించి వేసేయమన్నాను. వాళ్ళు సాయంత్రం ఇంకో చోటికి పోవాలి. సంతోషంగా వేసేసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను మా ఇంట్లో మనిషిని కాదు, ఆ నేలకు కావలివాణ్ణి. గుమ్మం బయటే చెప్పులు. పనిమనిషి బకెట్టుతో రాకూడదు, బట్టను పిండి పిండి తుడవాలి. ఆమె రెండురోజులు చూసి, తడిలేని తుడుపు తుడుపే కాదని చెప్పి, ఆ పని నాకే వదిలేసింది. కుర్చీల కాళ్ళకు నా పాత మేజోళ్ళు తొడిగాను. వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు ఎత్తినప్పుడల్లా నా చెయ్యి దాని కిందికి పోయేది. ఒకరోజు మా బావమరిది సూట్‌కేసు చక్రాల మీద లాక్కుంటూ లోపలికి వచ్చాడు. నేను పరిగెత్తుకెళ్ళి దాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాను. ఎంత మర్యాద నేర్చాడు మీ ఆయన అని వాడు వాళ్ళ అక్కతో అన్నాడట. అంతా చేసి నేనే, మేజోళ్ళతో నడుస్తూ, హాలు మధ్యలో రెండుసార్లు జారిపడ్డాను.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు ఆగస్టులో ముసురు పట్టి వదల్లేదు. పడకగదిలో నడుస్తుంటే ముందు కిర్రుమని చప్పుడు. తర్వాత తలుపు దగ్గర నేల కాస్త ఎత్తుగా కనిపించింది. నా భార్య చూపిస్తే, వెలుతురు పడే తీరు అలా ఉందన్నాను. రెండురోజులకు అది నూనెలో పడ్డ పూరీలాగా పొంగింది. అప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు. వంటింట్లోంచి బియ్యం మూట తెచ్చి దానిమీద పెట్టాను. నేల అణిగింది. అన్నం వండాలంటే పడకగదిలోకి వచ్చి బియ్యం తీసుకుపోవాల్సి వచ్చింది గానీ, అణిగింది.

ఒకరోజు వానకు స్కూళ్ళకు సెలవిచ్చారు. నేను ఇంటినుంచే పని. వంటింట్లో కుక్కరు కూతలు ఆఫీసు మీటింగులో వినపడకూడదని పడకగది తలుపు మూసుకోవాలనుకున్నాను. బియ్యం మూట అడ్డం. దాన్ని మంచం పక్కకు జరిపాను. తలుపు పొంగిన చోట బిగుసుకుంటే భుజంతో నొక్కి మూశాను. తలుపు దాటగానే నేల దాని వెనక ఇంకాస్త పైకి లేచింది. అది నేను చూడలేదు, మీటింగులో ఉన్నాను.

మీటింగు అయిపోయి, తలుపు లాగితే రాలేదు. తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల దాని అడుగుకు అడ్డంగా నా సొంత నేల లేచి నిలబడి ఉంది. ఇంకా గట్టిగా లాగాను. పిడి ఊడి చేతికి వచ్చింది.

నా భార్యను పిలిచాను. ఆమె బయటినుంచి నెట్టింది. నెట్టొద్దు, తలుపుకు గీత పడుతుంది అని లోపలినుంచి అన్నాను. లోపల ఉన్నది నువ్వా తలుపా అని ఆమె అడిగింది. మామూలుగా నన్ను మీరు అంటుంది. అప్పుడు మాత్రం నువ్వు అంది. ఈ చప్పుళ్ళకు ఓనరమ్మ మేడెక్కి వచ్చారు. జరిగింది నా భార్య చెప్పడం, మధ్యలో రెండుసార్లు ఆగిపోవడం నాకు వినబడింది. నవ్వాపుకోవడానికి ఆగిందని తర్వాత ఒప్పుకుంది.

ఓనరమ్మ మొదటి ఉపాయం చెప్పారు. పొంగినచోట నేను ఎక్కి నిలబడితే నేల అణుగుతుంది, అప్పుడు వాళ్ళిద్దరూ తలుపు నెడతారు. వినడానికి బాగుంది. నేను నిలబడ్డాను, నేల అణిగింది, వాళ్ళు నెట్టారు. తలుపు వచ్చి నా బొటనవేలికి కొట్టుకుని ఆగింది. నిలబడాల్సిన చోటూ తలుపు రావాల్సిన చోటూ ఒకటేనని మా ముగ్గురికీ అప్పుడే తట్టింది. ఆ ముగ్గురిలో ఒకరు ఇంజినీరు, ఒకరు లెక్కల టీచరు.

ఇక మిగిలింది లోపలినుంచి చెక్కలు విప్పడం. గోడ వైపు పలకల వరుస ఒకటి లేపితే బిగువు వదులుతుంది. దానికి స్క్రూడ్రైవరు కావాలి. అది హాల్లో ఉంది. తలుపు కింద సందు లేదు. ఆ సందు సరిపోయేలా నేల కొన్నవాణ్ణి నేనే. కిటికీకి ఊచలున్నాయి, అది పెరటివైపు, మేడ మీద.

కాసేపటికి పెరట్లోంచి పిలుపు. కిటికీలోంచి చూస్తే ఓనరమ్మ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో మునక్కాయలు కోసే దోటి పట్టుకుని నిలబడి ఉన్నారు. దోటి కొసన స్క్రూడ్రైవరు నా భార్య రిబ్బనుతో కట్టి ఉంది. ఆమె దోటిని రెండు చేతులతో ఎత్తడానికి గొడుగు వదిలేశారు. నా భార్య వచ్చి గొడుగు అందుకుని పట్టింది. దోటి కొస వానలో ఊగుతూ కిటికీ ఎడమకు పోయింది, కుడికి పోయింది, పక్కింటి తడిబట్టలకు తగిలింది. పక్కింటాయన బాల్కనీలోకి వచ్చి, కన్నడలో, ఏం కోస్తున్నారని అడిగారు. ఓనరమ్మ పైకి చూస్తూనే, "ఏనిల్ల, నమ్మ బాడిగెయవరు," అన్నారు. ఏమీ లేదు, మా అద్దెవాళ్ళు. ఆ మాటతో ఆయనకు అంతా అర్థమైపోయినట్టు లోపలికి వెళ్ళిపోయారు.

స్క్రూడ్రైవరు అందింది. గోడకు ఆనిన చివరి వరుసలో ఒక పలక కిందికి మొన పెట్టి లేపాను. కటుక్కుమని విరిగింది. రెండోది విరగకుండా వచ్చింది. మూడోది తీయగానే గదిలో నేలంతా ఒక్కసారిగా కిర్రుమని జరిగి, తలుపు దగ్గరి పొంగు మెల్లగా కిందికి దిగిపోయింది. నేను చెమటతో, చేతినిండా చెక్కపేళ్ళతో, అది దిగడం చూస్తూ కూర్చున్నాను. చాలా అందమైన నేల అనిపించింది, ఆ స్థితిలో కూడా.

తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ లోపలికి రాగానే వంగి తలుపు అడుగు చూశారు. కొంగుతో తుడిచి, వేలితో తడిమి, గీత లేదని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాత నా బొటనవేలు చూశారు.

"పసుపు పెట్టుకోపో అప్పా," అన్నారు. "నేల తర్వాత చూద్దాము."

మరుసటి వారం వడ్రంగిని పిలిపించి అంచులు కోయించి గోడల దగ్గర సందు వదిలించాను. పొట్టి పంచెలా ఉంటే ఉండనీ అనుకున్నాను. విరిగిన పలక చోట ఇంకోటి వేశాం. ఆ తర్వాత నేల మళ్ళీ పొంగలేదు. నా కావలి కూడా అప్పటితో సడలింది. కుర్చీల మేజోళ్ళు ఊడిపోతే మళ్ళీ తొడగలేదు. పనిమనిషి బకెట్టుతో రావడం మొదలుపెడితే చూడనట్టు ఉన్నాను. ఓనరమ్మ మధ్యాహ్నాలు పైకి వచ్చి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసి, మా హాల్లో చెక్క మీద చాప కూడా లేకుండా కాళ్ళు చాపుకుని కూర్చుని, నా భార్య స్కూలు నుంచి వచ్చేసరికి కునుకు తీస్తూ కనిపించేవారు. మోకాళ్ళ నొప్పులకు ఈ వెచ్చదనం హాయిగా ఉన్నట్టుందని నా భార్య చెప్పింది. నాకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. చూశారా, ఆమెకు కూడా నచ్చింది అనుకునేవాణ్ణి. ఆఫీసులో కూడా ఒకరిద్దరికి చెప్పాను.

రెండేళ్ళ తర్వాత నా భార్యకు దేవనహళ్ళి దగ్గర ఒక స్కూల్లో ప్రిన్సిపాలుగా అవకాశం వచ్చింది. అటువైపే ఒక చిన్న ఫ్లాటు కొన్నాం. ఖాళీ చేసే ముందు నేను చాలా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నేల ఓనరమ్మకు వదిలేసి పోవాలి. పెద్ద మనిషి, మోకాళ్ళ నొప్పులు, అలవాటు పడిపోయింది. ఈ మాట ఎలా చెప్పాలో రెండుమూడు రకాలుగా అనుకున్నాను. ఆమె వద్దు వద్దంటారు, నేను బలవంతపెడతాను, ఆమె కళ్ళు చెమర్చుతాయి. ఇదంతా నా భార్యకు చెబితే, మీ ఇష్టం అంది. ఆమె అలా అన్నప్పుడు ఆగి ఆలోచించాలని ఇన్నేళ్ళలో నేర్చుకోవలసింది.

కిందికి పోయి చెప్పాను. ఓనరమ్మ చిక్కుడుకాయలు వొలుస్తున్నారు. వొలవడం ఆపకుండానే విన్నారు.

"బేడప్పా, వద్దు," అన్నారు. "నీ నేల నువ్వు తీసకపో."

నేను అనుకున్న ప్రకారం బలవంతపెట్టాను. మీకు ఎంత అలవాటో నాకు తెలుసు, రోజూ పైకొచ్చి కూర్చునేవారు కదా అన్నాను. అప్పుడామె చేతిలో కాయ పక్కన పెట్టి నా వైపు చూశారు. కోపం లేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పారు.

"మీ ఇంట్లో మధ్యాహ్నము ఎండ బాగా వస్తాది, అందుకు వస్తాంటి. ఆ మొజాయిక్కు రాళ్ళు మా ఆయనా నేనూ మూటలు మూటలు తెప్పించుకోని, పెరట్లో కూర్చోని రంగులు ఏరితిమి. పెండ్లయిన కొత్తలో. నా నేల కనబడక రెండేండ్లాయె. నువ్వు ముచ్చటపడినావని ఊరకుంటి."

కాసేపు ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వొలిచాను. ఈనెలు సరిగా తీయడం లేదని ఆమె నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ వొలిచారు.

నేలను నేనూ నా భార్యా కలిసి విప్పాం. గోడ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పలకా ఏటవాలుగా లేపి, గాడిలోంచి లాగడం. టక్కుమని దిగినంత తేలిగ్గా రావు. కొన్నింటి అంచులు విరిగాయి. నురగ షీటు చుట్టి తీసేసరికి అడుగున మొజాయిక్ బయటపడింది. దుమ్ము లేదు, మరక లేదు. తడిబట్ట పెట్టి తుడిస్తే పచ్చరాళ్ళు మెరిశాయి. అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ పచ్చవి ఎక్కడపడితే అక్కడ పడినవి కావు. హాలు చుట్టూ సన్నటి అంచులాగా, చీర అంచులాగా వరుసగా ఉన్నాయి. నాలుగేళ్ళు దానిమీద తిరిగాను, రెండేళ్ళు కప్పిపెట్టాను. ఓనరమ్మ పైకి వచ్చి, చెప్పులు విడిచి, హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి కిందికి వెళ్ళారు.

కొత్త ఫ్లాటు తలుపు తీసేసరికి నా భార్య గుమ్మంలోనే కూలబడింది, నవ్వి నవ్వి. కట్టించినవాళ్ళు ఇల్లంతా టైల్స్ వేశారు. లేత తేనె రంగు, చెక్క గీతలతో సహా అచ్చు వేసిన టైల్స్. కొనేటప్పుడు చూశాను గానీ, అప్పుడు నా కళ్ళన్నీ తలుపుల కింద సందుల మీదే ఉన్నాయి. సందులు పుష్కలంగా ఉన్నాయి. ఎంత మందపాటి చెక్క అయినా దూరేది.

హాలు కొలత కుదరలేదు. పడకగది కొలతా కుదరలేదు. చివరికి పలకలన్నీ, విరిగినవి పోగా, వెనకవైపు చిన్న గదికి సరిపోయాయి. మేమే పరిచాం, నాలుగువైపులా సందు వదిలి. నా భార్య జవాబు పత్రాలు అక్కడే కూర్చుని దిద్దుతుంది. చలికాలం ఆ గది ఒక్కటే కాళ్ళకు హాయిగా ఉంటుందని ఆమే చెప్పింది, నేను అడక్కుండానే.

పాలు పొంగించిన రోజు ఓనరమ్మను కారులో తీసుకొచ్చాం. అంత దూరం కూర్చుని వచ్చినందుకు నడుము పట్టేసిందని హాల్లో నేల మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అరచేత్తో టైలు నిమిరి చూశారు.

"దీన్ని కూడా తెచ్చుకుంటివా?" అన్నారు. "మా ఇంట్లో ఉన్నప్పటికన్నా ఇక్కడ బాగుండాది. చల్లగా ఉండాది. నీళ్ళు పోసి కడగొచ్చు గదా?"

"కడగొచ్చమ్మా," అన్నాను.

వెనక గది సంగతి ఆమెకు చెప్పలేదు. నా భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి గ్లాసు నేల మీద పెట్టారు. కింద ఏమీ వేయకుండా, తడి అడుగుతోనే పెట్టారు. నా చెయ్యి సగందాకా పోయి ఆగింది.